మరక కంటే తొందర చెడ్డది

ఏలూరు

చి.ల.సౌ. బుజ్జికి,

మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గుముఖం పట్టింది. అల్లుడుగారినీ, చంటిదాన్నీ అడిగానని చెప్పు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, ఈలోగా చంటిది ఏడిస్తే మిగతా సగం గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వడిగినవి రెండు. డాలస్‌లో మీరు అద్దెకున్న అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద సాంబారు ఒలికితే, బట్టల సబ్బు పొడి వేసి రుద్దేసరికి మరక పోకపోగా ఎర్రబడింది, ఇప్పుడేం చెయ్యాలి అన్నది మొదటిది. పెళ్లికి నేనిచ్చిన ఏలూరు తివాచీని చంటిది పెద్దయ్యేదాకా చుట్టి క్లాజెట్‌లో పెట్టేద్దామా అన్నది రెండోది. మొదటిదానికి విరుగుడు ఉంది. రెండోదానికి నా జవాబు, వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

తివాచీల గోడౌన్లో వెంట్రుకలు నెరిసినవాణ్ణి. బాగుచెయ్యమని మా దగ్గరికి వచ్చిన తివాచీల్లో మరక వల్ల పాడైనవి తక్కువ, మరక తియ్యబోయి పాడుచేసినవి ఎక్కువ. ఒకాయన మంచి ఊలు తివాచీ పట్టుకొచ్చాడు. దాని మీద కాఫీ పడిందట. మరక నిజంగానే పోయింది. కానీ అక్కడ పళ్లెమంత మేర బొచ్చు మొత్తం ఉండలు కట్టి, గొంగళిముక్కలా అట్టకట్టుకుపోయింది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షు మూడూ కలిస్తే ఊలుకు జరిగేది అదే. ఊలు పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడిలో, తడిలో రాపిడి తగిలితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. కాఫీ మరకనైతే ఏదో రకంగా పలచబరచవచ్చు. అట్టకట్టిన ఊలును ఎవ్వరూ మళ్లీ విప్పలేరు. కాబట్టి ముందు ఒక మాట మనసులో పెట్టుకో. మరక పడ్డప్పుడు ‘దీన్ని దేనితో తియ్యాలి’ అని కాదు, ‘ఇది దేని మీద పడింది’ అని అడగాలి.

నీ ఇంట్లో ఉన్నవి రెండూ నేల మీద పరిచేవే అయినా, రెండింటి జాతకాలూ వేరు. గోడ నుంచి గోడదాకా పరిచిన ఆ అపార్ట్‌మెంట్ కార్పెట్టు నేసింది కాదు. ఒక గుడ్డలోకి వరసగా సూదులతో దారం గుచ్చి, వెనక రబ్బరు జిగురు పూసి, దాని మీద ఇంకో గుడ్డ అంటిస్తారు. మీ దేశంలో జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ ఊరు ఈ పనికి పెట్టింది పేరు. 1890ల్లో అక్కడ ఒక అమ్మాయి చేత్తో కుచ్చులు కుట్టిన దుప్పటి తయారుచేస్తే, అదే ఇంటింటి పనై, తర్వాత యంత్రాల మీదికెక్కి, ఇవాళ కార్పెట్ పరిశ్రమైంది. అలాంటి కార్పెట్లలో దారం సాధారణంగా నైలానో, పాలియెస్టరో, పాలీప్రొపిలీనో అయ్యుంటుంది. ఏదో తెలియాలంటే క్లాజెట్ మూలలో ఊడిన పోగు ఒకటి తీసుకుని, వంటింటి సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది ప్లాస్టిక్ జాతి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిదైతే ఊలు. కాగితం కాలిన వాసన వస్తే నూలు. చంటిదాన్ని దూరంగా ఉంచి చెయ్యి.

మన ఏలూరు తివాచీ సంగతి వేరు. మసూలా బందరులో సముద్ర వ్యాపారం సాగిన కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల చెయ్యి ఇదని ఇక్కడ చెప్పుకుంటారు. నిలువు మగ్గానికి నూలు పడుగు బిగించి, రెండేసి దారాలకు ఊలు ముడి వేసి, కత్తితో తెంపి, వరస పూర్తయ్యాక పేక వేసి ఇనుప దువ్వెనతో కొడతారు. దాని వెనకవైపు తిప్పి చూడు, ముందున్న పువ్వే వెనకా కనిపిస్తుంది. అందులో జిగురు లేదు, అంటింపు లేదు, ముడి మీదే అంతా నిలబడింది. ఊలంటే మన జుట్టు, గోళ్లు ఏ పదార్థంతో తయారయ్యాయో అదే. దానికి క్షారం పడదు. చాకలిసోడా, బట్టల సబ్బు పొడి తగిలితే దెబ్బతింటుంది, క్లోరిన్ బ్లీచ్ తగిలితే కరిగిపోయేదాకా వెళుతుంది. ప్రొటీన్‌ను అరిగించే ఎంజైమ్ ద్రావకాలు చంటిపిల్లల మరకలకు మంచివని అక్కడ అమ్ముతారు. అవి అపార్ట్‌మెంట్ కార్పెట్‌కు పనికొస్తాయి కానీ, ఊలు కూడా ప్రొటీనే కనక తివాచీ జోలికి వాటిని రానివ్వకు. కొద్దిపాటి పులుపును మాత్రం ఊలు తట్టుకుంటుంది. అందుకే తివాచీకి వెనిగర్ నీళ్లు చుట్టం, సోడా శత్రువు.

ఇక ఏదైనా ఒలికినప్పుడు మొదటి అయిదు నిమిషాల్లో చేసే పని రెండింటికీ ఒకటే. ముందు గట్టిగా ఉన్నదాన్ని ఎత్తెయ్యాలి. సాంబారైతే పప్పూ ముక్కలూ, పెరుగైతే గడ్డ. మొద్దు చెంచా తీసుకుని అంచు నుంచి నడిమికి గీకి తియ్యి. నడిమి నుంచి అంచుకు గీకితే అరచెయ్యంత మరక కంచమంత అవుతుంది. తర్వాత తెల్లటి పాత పంచెముక్కో, తెల్ల తువ్వాలో నాలుగు మడతలు వేసి మరక మీద పెట్టి, అరచేత్తో నిలువుగా నొక్కు. రుద్దకు, తిప్పకు, నొక్కి ఎత్తు అంతే. తడి అంటిన మడత పక్కకు తిప్పి పొడి మడతతో మళ్లీ అద్దు. గుడ్డ తెల్లదే ఎందుకంటే, ఒకటి రంగు గుడ్డ తన రంగు దిగవిడుస్తుంది, రెండు మరక ఎంత వచ్చిందో తెల్లగుడ్డ మీదే తెలుస్తుంది. గుడ్డకు ఇక ఏమీ అంటడం లేదు అన్నదాకా నీళ్ల జోలికి వెళ్లకు. ఒలికినదాంట్లో చాలాభాగం ఇలా అద్దడంలోనే వచ్చేస్తుంది. ఓపిక లేక నేరుగా చెంబెడు నీళ్లు కుమ్మరించినవాళ్లు, పైనున్న సాంబారును అడుక్కి పంపి, అక్కడ దానికి కాపురం పెట్టించినవాళ్లవుతారు.

ఇప్పుడు నీ ఎర్రమరక దగ్గరికొద్దాం. భయపడకు, అది కొత్త మరక కాదు. మీ నాయనమ్మ దిష్టి తియ్యడానికి పళ్లెంలో పసుపునీళ్లు పోసి, చిటికెడు సున్నం వేసి ఎర్రనీళ్లు చేసేది గుర్తుందా? నువ్వు కార్పెట్ మీద చేసింది అదే. పసుపులో కర్క్యుమిన్ అనే రంగు ఉంటుంది. పులుపులో పచ్చగా ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. చింతపండు పులుసు ఉన్నంతసేపూ సాంబారు మరక పచ్చగానే ఉంది. బట్టల సబ్బు పొడి క్షారం కాబట్టి తగలగానే ఎర్రబారింది. బేకింగ్ సోడా చల్లినా కొంచెం అటే తిరుగుతుంది, అందుకని పసుపు మరక మీద అది వద్దు.

విరుగుడు వరస ఇది. ముందు ఎండిపోయిన సబ్బు పొడిని వాక్యూమ్‌తో లాగెయ్యి. తర్వాత తెల్ల వెనిగర్ ఒక వంతుకు నీళ్లు రెండు మూడు వంతులు కలిపి, గుడ్డ తడిపి పిండి, మరక మీద అద్దు. ఎరుపు తిరిగి పసుపవుతుంది. సబ్బు కూడా విరిగి బయటికొస్తుంది. మామూలు నీళ్లతో తడిపిన గుడ్డతో ఒకటికి రెండుసార్లు అద్ది, పొడి తువ్వాలుతో పీల్చు. ఆ మిగిలిన పచ్చదనం నీళ్లకు లొంగదు, ఎందుకంటే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. మందుల షాపులో రబ్బింగ్ ఆల్కహాల్ దొరుకుతుంది. దాన్ని కార్పెట్ మీద పొయ్యకు. వెనకున్న రబ్బరు జిగురుకు తగిలితే పొరలు ఊడి బుడగలు లేస్తాయి. గుడ్డకు పట్టించి, ఆ గుడ్డతో అద్దు. కిటికీలు తెరిచి ఉంచు, దగ్గర్లో దీపం గానీ స్టవ్వు గానీ వెలగకూడదు, అది భగ్గున అంటుకునే సరుకు. ప్రతి అద్దుకూ గుడ్డ పచ్చగా మారుతుంటుంది. గుడ్డ శుభ్రమైన చోటికి తిప్పుకుంటూ పో.

అప్పటికీ లేత పసుపు నిలిస్తే, ప్లాస్టిక్ జాతి దారమైతేనే, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. గోధుమరంగు సీసాలో అమ్ముతారు. ముందు క్లాజెట్ మూలలో చుక్క వేసి, ఆరాక రంగు వెలిసిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మరక మీద కొద్దిగా తడిపి వదిలెయ్యి. తర్వాత నీళ్లగుడ్డతో అద్ది ఆరబెట్టు. ఇంకా మిగిలిన ఛాయను ఎండకు అప్పగించు. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. ఉతికినా పోని పసుపు మరక దణ్ణెం మీద ఎండలో ఆరేసరికి పలచబడడం మన ఇళ్లల్లో కొత్త కాదు. కార్పెట్‌ను దణ్ణెం మీద వెయ్యలేవు కానీ, బ్లైండ్లు ఎత్తి కిటికీ ఎండ పడనిస్తే చాలు, అద్దంలోంచి వచ్చినా పనిచేస్తుంది. కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు ఆగలేక గట్టి రసాయనం తెచ్చి పోసేవాళ్లే కార్పెట్ మీద తెల్లమచ్చ తెచ్చుకుంటారు. పసుపు మరకకు తరుణోపాయం ఉంది, వెలిసిన మచ్చకు లేదు.

ఇదే పసుపు ఏలూరు తివాచీ మీద పడితే? ఎత్తడం, అద్దడం, వెనిగర్ నీళ్లు, అక్కడితో ఆపు. ముందు తడి తెల్లగుడ్డను మూలన ఎర్రరంగు మీద ఒక నిమిషం నొక్కి చూడు. గుడ్డకు రంగు అంటితే నీళ్లు కూడా వద్దు, తివాచీలు ఉతికేవాళ్లను పిలవాల్సిందే. పెరాక్సైడ్ మాత్రం ఎప్పుడూ వద్దు, ఊలు రంగును అది తినేస్తుంది.

మిగతా మరకలు క్లుప్తంగా చెబుతాను. ఆవకాయ నూనె పడితే నీళ్లు పనికిరావు. ఎత్తి, అద్ది, పైన కార్న్‌స్టార్చ్ దట్టంగా చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున వాక్యూమ్ చెయ్యి. నూనె పిండిలోకి వస్తుంది. మిగిలిన జిడ్డుకు గ్లాసు గోరువెచ్చని నీళ్లల్లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి అద్దాలి. మీ కార్పెట్టు పాలియెస్టర్ అయితే కాఫీ, టీ సులువుగా వదులుతాయి కానీ నూనెను పట్టుకుంటుంది. నైలాన్ అయితే పిల్లల ఎర్ర జ్యూసుల్లోని రంగును పట్టుకుంటుంది, ఎందుకంటే నైలాన్‌కు ఫ్యాక్టరీలో వేసే రంగులూ అదే జాతివి. మిరపకాయ ఎరుపు నూనెలో కరిగేది. జిడ్డు పోతే చాలామటుకు అదీ పోతుంది, మిగిలింది వెలుతురుకు తగ్గుతుంది.

ఫిల్టర్ కాఫీలో మూడున్నాయి. పాలు, చక్కెర, డికాక్షన్. పాలలో ప్రొటీన్ ఉంటుంది కనక వేడినీళ్లు తగిలితే గట్టిపడి కూర్చుంటుంది. చల్లనీళ్లతో మొదలుపెట్టు. తర్వాత సబ్బునీళ్ల గుడ్డ, ఆ తర్వాత వెనిగర్ నీళ్ల గుడ్డ, చివర మామూలు నీళ్లు. చక్కెర కనబడదు గానీ, మిగిలితే ఆరాక జిగటై దుమ్ము పట్టుకుంటుంది, నెల తిరిగేసరికి అక్కడ నల్లమచ్చ తేలుతుంది. రక్తానికీ చల్లనీళ్లే. చంటిది ఉచ్చ పోస్తే వెంటనే తువ్వాలు పెట్టి కాలితో తొక్కి పీల్చు. తాజాగా ఉన్నప్పుడు సులువు, ఎండేకొద్దీ అది క్షారంగా మారి రంగును కూడా పాడుచేస్తుంది. కుంకుమ, పసుపుపొడి, ముగ్గు లాంటివి పొడిగా రాలితే తడిగుడ్డ తేవద్దు. పొడిగా ఉన్నంతసేపూ అది చెత్తే, తడి తగిలాకే మరకవుతుంది. వాక్యూమ్ గొట్టం పైన ఎత్తి పట్టుకుని లాగెయ్యి. కొవ్వొత్తి మైనమో, చూయింగ్ గమ్మో అయితే ఐసుముక్కలు కవర్లో వేసి పైన పెట్టు, గట్టిపడి పెళుసెక్కితే విరిచి తియ్యొచ్చు. ఇస్త్రీపెట్టె పెట్టమని చాలామంది చెబుతారు, ప్లాస్టిక్ దారం వేడికి కరుగుతుంది కనక వినకు.

గోరింటాకు గురించి ప్రత్యేకంగా చెబుతున్నా. అది జుట్టుకు పట్టినట్టే ఊలుకూ పడుతుంది, మళ్లీ వదలదు. శ్రీమంతాలకూ, అట్లతద్దికీ గోరింటాకు పెట్టుకునేటప్పుడు తివాచీ చుట్టి పక్కన పెట్టండి. మందు లేని జబ్బుకు పథ్యమే మందు.

చాలామందికి అంతుబట్టని విషయం ఒకటుంది. మరక శుభ్రంగా పోతుంది, ఆరాక తెల్లారేసరికి మళ్లీ అదే చోట తేలుతుంది. ‘దెయ్యం మరక’ అని మా గోడౌన్లో కుర్రాళ్లు అనేవాళ్లు. దెయ్యమేమీ లేదు, అడుగున మిగిలిన తడి ఆరుతూ, దారం వెంబడి పైకి ఎగబాకి, మోసుకొచ్చిన రంగును కొసల దగ్గర వదిలి ఆవిరైపోతుంది. అందుకని ఎప్పుడు ఏ మరక తీసినా ఆఖరున మందంగా మడిచిన తెల్ల తువ్వాలు దానిమీద పరిచి, పైన ప్లాస్టిక్ కవరు, కవరు మీద నీళ్ల డబ్బాలో బరువైన పుస్తకాలో పెట్టి రాత్రంతా ఉంచు. పైకొచ్చే తడి దారం కొసల్లో ఆగకుండా తువ్వాల్లోకి పోతుంది. పొద్దున తువ్వాలు తీసి ఫ్యాన్ పెట్టు. తడి ఒకటి రెండు రోజులు దాటి నిలవకూడదు, దాటితే బూజు వాసన మొదలవుతుంది.

సబ్బు గురించి ఇంకో మాట. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అనుకోవడం మన అలవాటు. కార్పెట్‌ను బట్టలా బకెట్లో జాడించలేం కదా. జాడించలేని చోట వేసిన సబ్బంతా అక్కడే ఉండిపోయి, నడిచే ప్రతి కాలి నుంచీ దుమ్ము పట్టుకుంటుంది. మరక తీసిన చోటే ముందుగా మాసిందంటే కారణం అదే. వెనిగర్, బేకింగ్ సోడా కలిపి బుసబుస పొంగించే వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. పొంగు చూడ్డానికి బాగుంటుంది, కానీ పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి విరిచేసుకుని, చివరికి మిగిలేది కాస్త ఉప్పునీళ్లు. దానివల్ల నష్టం పెద్దగా లేదు. నష్టమంతా బ్లీచ్‌తో. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, అమోనియా ఉన్న క్లీనర్ గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది. చంటిది పాకే ఇంట్లో కార్పెట్ పనికి బ్లీచ్ సీసా అసలు బయటికే తియ్యకు.

ఇక రోజువారీ సంగతి. మరక కంటికి కనబడుతుంది కాబట్టి దానికోసం కంగారుపడతాం. తివాచీ ఆయుష్షు తీసేది మాత్రం కనబడని ఇసుక. చెప్పుల వెంట వచ్చిన మట్టిరేణువు దారాల మొదట్లోకి దిగుతుంది. దాని అంచులు పదును. పైన అడుగు పడ్డప్పుడల్లా అది దారాన్ని మొదట్లో కోస్తుంది. దారి పడేచోట బొచ్చు పలచబడ్డ తివాచీని తిరగేసి నేల మీద తడితే రాలేది సన్నటి ఇసుకే. అందుకే చెప్పులు గుమ్మం బయటే విడవాలన్న మన ఇంటి పద్ధతి డాలస్‌లోనూ మానకు. వచ్చే అతిథులు షూ విప్పడానికి మొహమాటపడితే, గుమ్మం బయట ఒక గరుకు మ్యాటూ లోపల ఒక మెత్తటి మ్యాటూ వెయ్యి, సగం మట్టి అక్కడే ఆగుతుంది. జిడ్డుపాదాలు కూడా కార్పెట్‌ను నల్లబరుస్తాయి, తలంటు నూనె పెట్టుకున్న రోజు సాక్సు వేసుకోండి.

అపార్ట్‌మెంట్ కార్పెట్‌ను వారానికి రెండుసార్లు వాక్యూమ్ చెయ్యి. పరిగెత్తించకు. నెమ్మదిగా ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా లాగితే గానీ అడుగున ఇసుక పైకి రాదు. ఏలూరు తివాచీకి తిరిగే బ్రష్షు ఆపేసి, ఉత్త గాలి పీల్పుతో, బొచ్చు వాలిన దిక్కుకే లాగు. కొత్త ఊలు కొన్ని నెలలపాటు నూగు వదులుతుంది. డబ్బా నిండా నూగు చూసి తివాచీ అరిగిపోతోందని బెంగపెట్టుకోకు, అది సహజం. చివర కుచ్చుల దగ్గర మాత్రం వాక్యూమ్ పెట్టకు. అవి అలంకారానికి కుట్టినవి కావు, పడుగు దారాల కొసలు. అవి తెగితే అక్కడినుంచి ముడులు వదలడం మొదలవుతుంది. కుచ్చుల్ని చేత్తో దులిపి సర్దుకుంటే చాలు.

ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి అపార్ట్‌మెంట్ కార్పెట్‌ను వేడినీళ్ల యంత్రంతో కడిగించుకోవాలని అక్కడి కార్పెట్ సంఘంవాళ్లే చెబుతారు. సూపర్‌మార్కెట్‌లో యంత్రం అద్దెకు తెచ్చుకుంటే, నీళ్లు వదిలేది ఒకసారైతే ఉత్త పీల్పు రెండు మూడుసార్లు నడపండి. అదే యంత్రాన్ని తివాచీ మీద నడపడానికి మాత్రం అల్లుడుగారు సరదాపడితే నా మాటగా ఆపు. నూలు పడుగు నిండా నీళ్లు పట్టి, ఆరక, అంచులు వంకర్లు పోతాయి. చేతిముడి తివాచీలు ఉతకడం తెలిసినవాళ్లు అక్కడా ఉంటారు. ఇవ్వబోయేముందు ‘మా తివాచీ ఊలు, రంగు దిగుతుందేమో ముందు పరీక్షిస్తారా’ అని అడుగు. అవునని విడమరిచి చెప్పేవాడికే ఇవ్వు.

మీ అమ్మ పంపిన వరంగల్ జంపకానా గురించి ఈ హడావిడి అక్కర్లేదు. అది నూలుది, రెండువైపులా వాడుకోవచ్చు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మొదటిసారి మాత్రం చల్లనీళ్లల్లో విడిగా ముంచి రంగు చూసుకో. తర్వాత నీడలో పరిచి ఆరబెట్టు. చంటిది అన్నం తినేది, బొమ్మలాడేది దాని మీద కానివ్వు. కార్పెట్ మీద పరిస్తే దానికి కాపలా కూడా అవుతుంది.

ఇక క్లాజెట్ సంగతి. ఊలును తినే పురుగులకు కావలసినవి రెండే, చీకటీ, కదలిక లేని చోటూ. కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకుపురుగు కిటికీలోంచో, తెచ్చుకున్న పువ్వుల వెంటో లోపలికొస్తుంది. పెద్దది పువ్వుల పుప్పొడి తింటుంది, దాని పిల్లపురుగు ఊలు తింటుంది. మనుషులు నడిచే తివాచీలో, వెలుతురు పడే తివాచీలో అది నిలవదు. సోఫా కింద, మంచం కింద, చుట్టిపెట్టిన మడతల్లో హాయిగా ఉంటుంది. ఏళ్లతరబడి భద్రంగా దాచిన తివాచీని విప్పితే నడిమధ్య పడుగు మాత్రం మిగిలి, బొచ్చు మొత్తం పొడిగా రాలడం నేను చూశాను. నాఫ్తలీన్ ఉండలు వేద్దామా అంటావు. పిల్ల నోట్లో పెట్టుకునే వయసులో ఆ విషం ఇంట్లో వద్దు.

అందుకని తివాచీని హాల్లో పరుచుకోండి. ఆర్నెల్లకోసారి తల దిక్కు కాళ్లవైపుకు తిప్పి వెయ్యి, ఎండా అడుగులూ అన్నివైపులా సమంగా పడతాయి. అప్పుడే తిరగేసి వెనకవైపు కూడా వాక్యూమ్ చేసి, సోఫా కింద పడ్డ భాగాన్ని ఒకసారి పరకాయించి చూడు. ఎప్పుడైనా ఇండియాకు నెలల తరబడి వస్తే అప్పుడు మాత్రం శుభ్రం చేసి, బాగా ఆరాక, మడతపెట్టకుండా చుట్టి, పాత నూలు దుప్పట్లో కట్టి పెట్టు. ప్లాస్టిక్‌లో కట్టకు, లోపల చెమ్మ పడుతుంది.

చంటిది దాని మీద పాలు ఒలకబోస్తుందని నీ భయం. ఒలకబోస్తుంది, తప్పదు. ఊలు పోగు పైన సహజమైన మైనం లాంటి పొర ఉండి, పడ్డ తడి కాసేపు బొట్లుగా నిలుస్తుంది. అద్దుకోవడానికి నీకు దొరికే వ్యవధి అదే. ఆ కాసేపట్లో నువ్వు తువ్వాలు తెస్తే చాలు. మగ్గం మీద అన్ని నెలలు వంగి ముడులు వేసినవాళ్లు దాన్ని నేల మీద పరచడానికే చేశారు. వాళ్ల పనితనం మీద నీకంటే నాకు నమ్మకం ఎక్కువ.

డిపాజిట్ గురించి కూడా అడిగావు. హ్యూస్టన్‌లో మీ అన్నయ్య ఇళ్లు మారినప్పుడల్లా ఈ గొడవ పడి చట్టం చదువుకున్నాడు. టెక్సాస్‌లో మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు ఇంటివాళ్లు డిపాజిట్లో కోత పెట్టకూడదు. దారి పడేచోట బొచ్చు అణగడం అలాంటిదే. సాంబారు ఒలకడం మాత్రం మామూలు అరుగుదల కిందికి రాదు, దానికి కోసుకోవచ్చు. మీరు ఖాళీచేసి, కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చాక, 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, కోసుకుంటే దేనికెంతో జాబితా ఇవ్వాలి. అందుకని ఇల్లంతా కార్పెట్ ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకో, పాతవి ఉంటే దాచు. మరక పోయాక మళ్లీ ఫోటో తియ్యి. ఒకవేళ లేత ఛాయ మిగిలిపోయి కొన్ని డాలర్లు కోసుకున్నా ఇల్లు మునిగిపోదు. దానికోసం నువ్వూ అల్లుడుగారూ మాటా మాటా అనుకోవద్దు. ఒలికింది ఎవరి చేతిలోంచి అన్నది అసలు లెక్కలోకి రాకూడదు.

ఒక పని చెయ్యి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు తెల్లగుడ్డలు, ఒక మొద్దు చెంచా, వెనిగర్ సీసా, గిన్నెల లిక్విడ్, కార్న్‌స్టార్చ్ ప్యాకెట్టు సర్ది, చంటిదానికి అందనంత ఎత్తులో, నీకు మాత్రం వెంటనే అందేచోట పెట్టుకో. ఆల్కహాలూ పెరాక్సైడూ విడిగా, మందుల అలమారలో ఉంచు. ఈ శనివారం వెనిగర్‌తో మొదలుపెట్టి, ఎరుపు పసుపయ్యాక ఒక ఫోటో, ఆల్కహాల్ అయ్యాక ఒక ఫోటో నాకు పంపు. పెరాక్సైడ్ దాకా వెళ్లాలా వద్దా అన్నది ఆ ఫోటో చూసి నేను చెబుతాను, అప్పటిదాకా సీసా మూత తియ్యకు.

మీ పెద్దమ్మ ఈసారి పంపే కందిపొడిలో ఇంగువ ఎక్కువ వెయ్యాలా అని అడుగుతోంది. దానికీ జవాబు రాయి.

ఇట్లు
మీ పెదనాన్న